వదిన బండికి కొత్త గేరుబాక్సు

ఆ వానాకాలమంతా మా ముందు గదిలో, నేను బట్టలు కత్తిరించుకునే బల్ల కింద, ఒక గేరుబాక్సు కాపురం చేసింది. కాపురం అని ఎందుకంటున్నానంటే, దానికి జరిగిన మర్యాదలు ఈ ఇంటికి కొత్తగా వచ్చినప్పుడు నాకు కూడా జరగలేదు. కింద గోనెపట్టా, పైన దుప్పటి, జల్లు కొడితే పరిగెత్తుకొచ్చి కిటికీ మూయడం. ఎవరి కాలైనా దానికి తగిలితే చాలు, మా ఆయన పక్క గదిలోంచి "మెల్లిగా, మెల్లిగా" అనేవాడు. తగిలిన కాలు నాదైతే దెబ్బ తగిలిందా అని మాత్రం అడిగేవాడు కాదు.

బడులు తెరిచే రోజులవి. ఏడాది మొత్తంలో నాకు చేతినిండా పని దొరికేది అప్పుడే. తెల్ల చొక్కాలు, బూడిదరంగు లాగులు, గౌన్లు గదినిండా కుప్పలు పడి ఉన్నాయి. ఆ తెల్లగుడ్డ పక్కన నల్లనూనె కారే వస్తువును తెచ్చి పెట్టాడంటే, మనిషికి బుర్ర ఉందా లేదా అని ఎవరికైనా అనుమానం వస్తుంది. నాకు అనుమానం కూడా లేదు.

"షెడ్డులో పెట్టుకోవచ్చుగా?" అన్నాను.

"షెడ్డు కురుస్తోంది. దీన్లో ఎలక్ట్రానిక్ సామాను ఉంది, తడిస్తే పోతుంది."

"నా గుడ్డకి నూనె అంటితే?"

"ఉతికితే పోతుందిగా," అన్నాడు. అలాంటి మనిషితో ఏం మాట్లాడతాం?

మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. పైకీ కిందకీ వెళ్ళే యంత్రాల సంగతి ఆయనకు కొట్టిన పిండి. ముందుకీ వెనక్కీ వెళ్ళేవాటితోనే ఎప్పుడూ పొత్తు కుదరలేదు. కారు మొత్తం విప్పి మళ్ళీ బిగించగలడు గాని నడపలేడు. వాళ్ళక్క నేర్పాలని చాలాసార్లు చూసింది. క్లచ్ మీంచి కాలు మెల్లిగా తియ్యరా అంటే ఒక్కసారే తీసేసేవాడు, బండి గెంతి ఆగిపోయేది. చివరికి ఎదురింటి గోడని గుద్దాక ఆవిడే, "నీ వల్ల కాదులే, పక్కన కూర్చో" అంది. అప్పట్నుంచీ పక్కనే కూర్చున్నాడు.

బండి ఆవిడదే. ఆవిడంటే మా ఆయనకు అక్క, నాకు వదిన. పెళ్ళి చేసుకోలేదు. ఊరి అవతలి కొసన సొంత ఇల్లు. మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి కట్లు కట్టి, సూదులు వేసి, ఒళ్ళు తుడిచి వచ్చే నర్సు. ఆ పనికి ఆవిడ ఏళ్ళ తరబడి తిరిగిన బండి అది. గుండ్రటి దీపాలు, వెలిసిపోయిన ఆకుపచ్చ రంగు, తలుపు వేస్తే ఇనప్పెట్టె మూసిన చప్పుడు. ఆ బండి జోలికి ఎవరైనా వస్తే ఊరుకునేది కాదు. ఒకసారి నా సంచీ జిప్పు తగిలి తలుపు మీద గీత పడిందని నాతో వారం మాట్లాడలేదు.

ఎండలు ముదిరిన రోజుల్లో ఆవిడకు పక్షవాతం వచ్చింది. అప్పుడు స్టీరింగు దగ్గర ఉంది, పక్కన మా ఆయన. ఎలాగో బండిని రోడ్డు పక్కకి తెచ్చి ఆపి, ఆ తర్వాతే వాలిపోయింది. ఈయన దిగి వచ్చేపోయేవాళ్ళ కాళ్ళావేళ్ళా పడ్డాడు, ఎవరైనా ఈ బండి నడిపి ఆసుపత్రికి చేర్చండి అని. ఎవరో పుణ్యాత్ముడు చేర్చాడు. ప్రాణం దక్కింది. ఎడమ చెయ్యి త్వరగానే స్వాధీనంలోకి వచ్చింది గాని ఎడమ కాలు రాలేదు. చేతికర్రతో నడుస్తుంది, క్లచ్ తొక్కే బలం మాత్రం లేదు. కాస్త కోలుకునేదాకా అని మా ఇంటికే తీసుకొచ్చాం.

ఆవిడ కోలుకుంటూ ఉంటే మా ఆయన పడిపోయాడు. పనికి వెళ్ళడం మానేశాడు. గోడకేసి తిరిగి పడుకునేవాడు. లేపితే, "పక్కనే కూర్చుని ఏం చెయ్యగలిగాను నేను?" అనేవాడు. తిండి లేదు, స్నానం లేదు. ఇద్దరు రోగులకీ నేనొక్కదాన్ని. పైగా బడి చొక్కాలు.

ఒక సాయంత్రం వదిన ఆయన మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఒరేయ్, నాకు నా పని కావాలి. ఇలా కూర్చుంటే పిచ్చెక్కుతుంది. నాకు అడ్డం క్లచ్ ఒక్కటే కదా. క్లచ్ లేని గేరుబాక్సు నా బండికి పెట్టలేవా?"

ఆయన లేచి కూర్చున్నాడు. అన్ని రోజుల తర్వాత, ఎవరూ బతిమాలకుండా, తనంతట తాను.

"క్లచ్ లేని కొత్త బండే కొనుక్కోవచ్చుగా వదినా?" అన్నాను.

"నాకు నా బండే కావాలి," అంది. తమ్ముడూ అదే మాట తలూపి అన్నాడు. వీళ్ళిద్దరూ ఒక మాట మీద ఉంటే మధ్యలో నేను అడకత్తెరలో పోకచెక్కనే.

నిజం చెప్పాలంటే నాకూ ఆశ పుట్టింది. వదిన మంచిదే. కాని ఒక వంటింట్లో రెండు పెత్తనాలు ఇమడవు. బండి కదిలితే ఆవిడ తన ఇంటికీ పనికీ వెళ్తుంది, మా ఆయన లిఫ్టుల దగ్గరికి వెళ్తాడు, నా గది నాకు మిగులుతుంది. అందుకే నోరు మూసుకున్నాను. అంటే, నేను మూసుకోగలిగినంత మేర.

ఆ గేరుబాక్సు ఎక్కడో గుద్దుకుని నుజ్జయిన కొత్త కారుది. దాన్ని తెచ్చి, బిగిస్తానని ఒప్పుకున్న మెకానిక్ పేరు ఏమిటో వీధిలో ఎవరికీ గుర్తులేదు. ప్రతి మాటకీ ముందు 'నిదానం' అంటాడు గనక అందరూ నిదానం అనే పిలిచేవారు. పేరుకు తగ్గ మనిషి. స్పానరు చేతికి తీసుకున్నాక టీ తాగేవాడు, టీ తాగాక స్పానరు ఎక్కడ పెట్టాడో వెతికేవాడు.

"ఎప్పటికవుతుంది?" అని అడిగాను.

"నిదానం అమ్మా. పాత ఇంజను, కొత్త గేరుబాక్సు. ఒకదాని భాష ఒకదానికి రాదు. ముందు పరిచయం చెయ్యాలి."

ఆ పరిచయానికి ఇనప పలక కావాలట. ఇంజను వెనక బోల్టుల బెజ్జాలు ఒక తీరున, గేరుబాక్సు బెజ్జాలు ఇంకో తీరున ఉన్నాయి. మధ్యలో రెండింటికీ పొసగేలా ఒక మందపాటి పలక. దాని కొలతకి నేను దాచుకున్న పెద్ద అట్ట, గౌన్ల కొలతలు గీసుకునేది, అడక్కుండా తీసుకుపోయారు. దాన్ని ఇంజనుకి ఆనించి గీశారు, గేరుబాక్సుకి ఆనించి గీశారు, లేతు షాపులో ఇచ్చి పలక చేయించారు. ఇద్దరూ దాన్ని పెళ్ళికూతుర్ని తెచ్చినట్టు రిక్షాలో పడుకోబెట్టి తెచ్చారు.

ఇంజనుకి చక్కగా కూర్చుంది. గేరుబాక్సుకి మాత్రం ఒక్క బోల్టూ ఎక్కలేదు. తిప్పారు, తిరగేశారు, సుత్తితో కొట్టారు. వానలో గొడుగు కింద ఇద్దరూ పలకని మధ్యలో పెట్టుకుని లేతువాణ్ని తిట్టడం మొదలుపెట్టారు. నేను గుమ్మంలో నిలబడి చూశాను. చూస్తూ ఉంటే విషయం అర్థమై నాకు ఒళ్ళు మండింది.

"ఇంజనుది ఎటు నుంచి చూసి గీశారు?"

"వెనక నుంచి," అన్నాడు మా ఆయన.

"గేరుబాక్సుది?"

"ముందు నుంచి. అటే కదా బెజ్జాలు ఉండేది."

"రెండూ అట్టకి ఒకే వైపు గీశారా?"

"ఆఁ."

"అయితే ఒకటి బోర్లా పడింది. చొక్కాకి రెండూ ఎడమ చేతులే కుట్టారు. ఇక ఎంత తిప్పినా కుడి చెయ్యి ఎక్కడ్నుంచి వస్తుంది?"

నిదానం పలకని ఎత్తి, వెలుతురుకి పెట్టి, చాలాసేపు చూశాడు. "నిదానం... అమ్మ చెప్పింది నిజమే అయ్యుండొచ్చు," అన్నాడు.

మా ఆయన నావైపు తిరిగి, "ముందే చెప్పొచ్చుగా," అన్నాడు. కత్తెర నా చేతిలోనే ఉంది. దేవుడి దయవల్ల దూరంగా నిలబడి ఉన్నాను.

మళ్ళీ పలక, మళ్ళీ లేతు, మళ్ళీ వాన. ఆ తర్వాత గేరుబాక్సు లావైంది, బండి నేల ఇరుకైంది. రెండు ముందు సీట్ల మధ్య ఉబ్బెత్తుగా ఉండే భాగాన్ని కోసి వెడల్పు చేస్తే తప్ప అది లోపల పట్టదన్నారు. వదిన బండి నేల కొయ్యడమంటే పులి నోట్లో తల పెట్టడమే. మా ఆయన అడగలేక నన్ను పంపాడు. నేను వెళ్ళి చెప్పాను.

"కొయ్యనీ," అంది వదిన, కిటికీలోంచి చూస్తూ.

జిప్పు గీతకి వారం మాట్లాడని మనిషి. నేను తప్పు విన్నానేమోనని మళ్ళీ చెప్పాను. "విన్నాను. కొయ్యనీ," అంది. ఇనుము కోస్తున్న చప్పుడుకి నాకు పళ్ళు జిల్లుమన్నాయి గాని, ఆవిడ మాత్రం చూపు తిప్పలేదు.

ఆ రోజుల్లో ఆవిడ మీద నాకు కోపం రాని పూట లేదు. గుండుసూదుల డబ్బా బల్ల అంచున ఉంటే దొర్లించేది, కూర్చుని ఏరేది నేను. గుమ్మానికి భుజం కొట్టుకుని, గుమ్మాన్ని తిట్టేది. రోగుల ఇళ్ళ నుంచి ఫోన్లు వస్తే, "వస్తానమ్మా, వానలు తగ్గనీ," అని మందుల గురించి అరగంట చెప్పేది. అన్నిటికంటే నాకు మంట పుట్టించింది ఆవిడ తిండి. నేను నిలబడి వండి, కంచం నిండా పెట్టి ఇస్తే, సరిగ్గా సగం తిని చెయ్యి కడిగేసుకునేది. పూటపూటా సగం. తర్వాత ఆకలేస్తోందని బిస్కెట్లు నమిలేది. నా వంటకి అంతకంటే ఏం మార్కులు వెయ్యాలి?

బండి దాదాపు అయిందన్న రోజున, మధ్యాహ్నం, నా ఓపిక అయిపోయింది. మా ఆయన, నిదానం బయట బండి కింద దూరి ఉన్నారు. వదిన కంచం ముందు నుంచి లేవబోతోంది.

"వదినా, కూర బాగాలేకపోతే బాగాలేదని చెప్పండి. ఇలా సగం వదిలేసి లేస్తే వండిన మనిషికి ఎలా ఉంటుంది?"

"ఎక్కడ వదిలాను? అంతా తిన్నాగా," అంది, కంచం వైపే చూస్తూ.

వేళాకోళం అనుకున్నాను. విసురుగా కంచం లాగబోయాను. నా చేతి జిడ్డుకి అది జారి, బల్ల మీద గిర్రున సగం తిరిగి, వదిలేసిన అన్నం ఆవిడ కుడి వైపుకి వచ్చి ఆగింది.

వదిన కంచం వైపు చూసింది. మళ్ళీ కూర్చుని, అన్నం కలుపుకుని, తినడం మొదలుపెట్టింది. ఒక్క మెతుకు మిగల్చకుండా తింది. నేను నిలబడే ఉన్నాను.

బయట ఇంజను దగ్గి, ఇంకోసారి దగ్గి, అందుకుంది. మా ఆయన "అక్కా, విన్నావా" అని పెద్దగా పిలుస్తున్నాడు.

"విన్నాన్రా," అంది వదిన అక్కడి నుంచే. తర్వాత గొంతు తగ్గించి నాతో, "తలుపు వెయ్యి," అంది.

వేశాను.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"మొదట్నుంచీ. కాలితో పాటు పోయింది. కన్ను బాగానే ఉంది, ఎడమ పక్కదేదీ తలకెక్కడం లేదు. తెలిసీ మర్చిపోతుంటాను. లేనిది లేదని ఎలా తెలుస్తుంది చెప్పు? ఆసుపత్రిలో చెప్పారు. మీకు చెప్పొద్దని నేనే అన్నాను."

"నర్సు అయ్యుండి..."

"నర్సుని గనకే. కొందరికి కొన్నాళ్ళకి తిరిగొస్తుంది. నేను చూశాను అలాంటివాళ్ళని. గేరుబాక్సు ముందొస్తుందో ఇది ముందొస్తుందో చూద్దామనుకున్నాను." కంచం పక్కకి జరిపింది. "గేరుబాక్సే ముందొచ్చింది."

నాకు జాలి రావాలి. ముందు కోపమే వచ్చింది. "మరి నా గది నూనె పాలు చేసి, బండి నేల కోయించి, ఆ మనిషిని వానలో నానబెట్టి, ఇదంతా ఎందుకు వదినా? మా ఇద్దర్నీ పిచ్చివాళ్ళని చేశారు."

"వాడు మంచం దిగాడుగా," అంది.

ఏడుపొచ్చింది. కోపం పోలేదు, దాని పక్కనే ఏడుపూ వచ్చి కూర్చుంది. ఆవిడ నన్ను ఓదార్చలేదు, నేను ఆవిణ్ని ఓదార్చలేదు. ఇద్దరం అలవాటు లేనివాళ్ళం.

"వాడికి నేను చెప్పుకుంటాను. నువ్వు నోరు జారకు," అంది చివరికి.

ఆ తర్వాతి రోజులు నాకు నరకం. మింగలేను, కక్కలేను. మా ఆయన మాత్రం కొత్తగా పుట్టినట్టు తిరుగుతున్నాడు. గేరుబాక్సు నూనె చల్లబరచడానికి ముందు వైపు చిన్న రేడియేటరు పెట్టాడు. గేర్లు ఎప్పుడు మారాలో చెప్పే చిన్న పెట్టెని సీటు కింద బిగించాడు. క్లచ్ పెడలు ఊడదీసి, బ్రేకు పెడలుని వెడల్పు చేశాడు, అక్క కాలికి సులువుగా దొరకాలని. అన్నం తింటూ నాకు అవన్నీ చెప్పేవాడు. ఎన్నాళ్ళకో రెండోసారి వడ్డించుకుంటున్నాడు. నేను "ఊఁ" అంటూ ఆయన మొహం చూడలేక కుట్టుమిషను వైపు చూసేదాన్ని. ఇంత సంతోషంగా ఉన్న మనిషిని చూసి అంత విసుక్కోవడం నాకు అదే మొదలు.

నిదానం బండిని రెండుసార్లు వీధులన్నీ తిప్పి తెచ్చాడు. దిగి, తాళం మా ఆయన చేతిలో పెట్టి, "ఇక నిదానం అక్కర్లేదు. వెళ్ళొచ్చు," అన్నాడు. ఆ మనిషి నోటి నుంచి అలాంటి మాట వస్తుందని ఎవరం అనుకోలేదు.

"రేపు అక్క నడుపుతుంది," అన్నాడు మా ఆయన.

మర్నాడు పొద్దున వాన లేదు. వదిన నాకంటే ముందే లేచి ఫోను పట్టుకుని కూర్చుంది. నేను టీ పెడుతూ విన్నాను. "లేదమ్మా, ఇక రాను. ఇంకో నర్సుని చూసుకోండి. వీపు మీద పుండుకి కట్టు మాత్రం రోజూ మార్చమనండి, ఒక్క రోజు కూడా మానొద్దు." పెట్టేసి ఇంకొకరికి. "లేదు బాబూ, ఇక నేను రాను." ఇంకొకరికి. ఒకే గొంతు, ఒకే మాట. ఒకావిడ అటువైపు ఏడ్చినట్టుంది, వదిన ఆవిణ్నే ఊరుకోబెట్టింది. అన్నీ అయ్యాక నర్సు సంచీలోంచి కత్తెరలు, దూది తీసి నా ముందు పెట్టింది. "ఇవి నీకు పనికొస్తాయేమో చూడు," అంది. టీ పొంగిపోయింది. నేను పొయ్యి తుడిచాను, తుడిచిందే తుడిచాను.

మా ఆయన బండిని తుడిచి, నడిపేవాళ్ళ వైపు తలుపు తెరిచి నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. వదిన కర్ర ఊతంగా మెట్లు దిగి, బండి ముందు నుంచి చుట్టు తిరిగి, రెండో వైపు తలుపు తెరుచుకుని కూర్చుంది.

"అక్కా, ఇటు."

"నువ్వు కూర్చో."

"నాకు రాదుగా."

"నీకు రానిది క్లచ్. అది నువ్వే ఊడదీశావు."

"ఏంటక్కా ఇది? నీ కోసం కదా..." అని నావైపు చూశాడు. నేను తల దించుకున్నాను. నీకు తెలుసా అన్నట్టు చూశాడు. ఇంకా దించుకున్నాను.

"నాకు ఎడమ పక్క కనిపించదురా," అంది వదిన. రోగికి జ్వరం ఎంతుందో చెప్పినట్టే చెప్పింది. "పోయినట్టే. రాదు ఇక. నేను బండి తీస్తే ఎవర్నో గుద్దుతాను."

ఆయన తెరిచిన తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. మళ్ళీ ఆ గోడకేసి తిరుగుతాడేమో అనిపించింది. కోపం అంతా ఎటుపోయిందో, ఒక్కటే అనుకున్నాను, ఈయన పడకుండా ఉంటే చాలు, గది ఏమైపోతే నాకేం.

"మరి ఇదంతా ఎవరి కోసం చేశాను నేను?" అన్నాడు.

"ఆ వేళ రోడ్డు మీద నిలబడి అందరి కాళ్ళూ పట్టుకున్నావుగా. అలా నిలబడ్డవాడి కోసం," అంది. "ఎక్కు. వీధి చివరిదాకా చాలు ఇవాళ్టికి."

ఆయన కదల్లేదు. ఇక నా వల్ల కాలేదు. వెళ్ళి వెనక సీట్లో కూర్చుని, నా వైపు తలుపు ధడాలున వేశాను. "మీ అక్కాతమ్ముళ్ళ పంచాయితీ తర్వాత తేల్చుకోండి. అవతల నాకు చొక్కాలున్నాయి. ఎక్కండి," అన్నాను.

ఎక్కాడు. వెనక నుంచి నాకు ఆయన చెవులు ఎర్రబడటం కనిపిస్తోంది. ఎడమ కాలు అలవాటుగా క్లచ్ కోసం వెతుకుతుంటే వదిన కర్రతో దాన్ని మెల్లిగా వెనక్కి నెట్టింది. తాళం తిప్పాడు. గేరు మార్చాడు. బ్రేకు మీద కాలు అలాగే అదిమి పట్టుకున్నాడు.

"భయంగా ఉందక్కా."

"నాకూ భయంగానే ఉందిరా," అంది వదిన. ఆ మాట ఆవిడ నోట నేను వినడం అదే మొదలు, బహుశా ఆయనా అంతే. "ఎడమ పక్క నువ్వు చూసుకో. కుడి పక్క నేను చూస్తాను."

ఆయన ఎడమ పక్కకి చూశాడు. అటు ఖాళీ వీధి తప్ప ఏమీ లేదు, అయినా చాలాసేపు చూశాడు. అప్పుడు బ్రేకు మీంచి కాలు తీశాడు.